పిల్లల చదువు బల్లకు దీపం

ఆ మధ్య ఒక తండ్రి తొమ్మిదేళ్ళ కూతురిని మా ఆస్పత్రికి తీసుకువచ్చాడు. "పిల్ల పుస్తకంలో తల దూర్చేసి చదువుతోంది డాక్టరు గారూ! వెలుతురు చాలడం లేదేమోనని రెండు టేబుల్ లైట్లు మార్చాను. డబ్బా మీద కళ్ళకు రక్షణ అని కూడా రాసి ఉంది. అయినా లాభం లేదు" అన్నాడు.

పిల్ల చేత గోడమీది అక్షరాలు చదివించాను. పై రెండు వరసలు దాటలేకపోయింది. ఆమెకు కావలసింది దీపం కాదు, కళ్ళజోడు! బడిలో నల్లబల్ల కనిపించక పక్కపిల్ల పుస్తకం చూసి రాసుకుంటుంటే, శ్రద్ధ లేదని చివాట్లు తింటూ వచ్చింది పాపం.

అలాగని దీపాన్ని అశ్రద్ధ చెయ్యమనడం లేదు. మసక వెలుతురులో చదివితే కంటిచూపు శాశ్వతంగా పోదు గాని, కళ్ళు అలసిపోతాయి, నీరు కారతాయి, తలనొప్పి వస్తుంది. అందుచేత లైటు కొనేటప్పుడు ఈ సంగతులు చూడండి.

పిల్ల కూర్చున్న చోటి నుంచి బల్బు కనిపించకూడదు. డూము దాన్ని పూర్తిగా కప్పాలి. సాధారణంగా 5 నుంచి 7 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు చాలు. నీలిరంగు కొట్టే తెలుపు కంటె, డబ్బా మీద 3000 నుంచి 4000 కెల్విన్ అని ఉన్న వెలుగు హాయిగా ఉంటుంది. సెల్‌ఫోను కెమేరాను లైటువైపు పెట్టినప్పుడు తెరమీద నల్లని చారలు బాగా కదులుతుంటే, ఆ వెలుగు వణుకుతున్నదన్నమాట. అది వద్దు. "కళ్ళకు రక్షణ" అన్న మాటకు మాత్రం ఎక్కువ ధర పెట్టకండి.

కుడిచేత్తో రాసే పిల్లలకు లైటు ఎడమవైపు, ఎడమచేతి వాటం వారికి కుడివైపు ఉంచండి. అప్పుడు చేతి నీడ అక్షరాల మీద పడదు. గదిలో పెద్ద లైటు కూడా వెలుగుతూ ఉండాలి.

ఇక అసలు విషయం. ఏ దీపమూ హ్రస్వదృష్టిని ఆపలేదు. రోజుకు రెండు గంటలు ఆరుబయట పగటి వెలుతురులో ఆడుకునే పిల్లలకు అది వచ్చే అవకాశం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. చదివేటప్పుడు పుస్తకం మోచేతి నుంచి పిడికిలి వరకు ఉన్నంత దూరంలోనైనా ఉండాలి. ఇరవై నిమిషాలకొకసారి కిటికీలోంచి దూరంగా చూడమనండి.

ఈ రోజే ఒక పని చెయ్యండి. మీ పిల్లల్ని గోడమీది క్యాలెండరుకు పది అడుగుల దూరంలో నిలబెట్టి, ఒక్కొక్క కన్నే మూసి అంకెలు చదివించండి. రెండు కళ్ళకూ తేడా ఉన్నా, కళ్ళు చికిలించి చూస్తున్నా వెంటనే కంటి డాక్టరుకు చూపించండి. బాగా చదివినా, బడిలో చేర్చేముందు ఒకసారి పరీక్ష చేయించడం మంచిది. ఒక కన్ను మందగిస్తే పిల్లలు చెప్పలేరు, వాళ్ళకే తెలియదు. ఏడెనిమిదేళ్ళలోపు చికిత్స మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. ఆలస్యమైన కొద్దీ కష్టం.

"ఆడపిల్లకు అప్పుడే కళ్ళజోడా? పెట్టుకుంటే నెంబరు పెరుగుతుందేమో!" అని కొందరు తల్లులు వెనుకాడతారు. కళ్ళజోడు వల్ల నెంబరు పెరగదు. పెట్టకపోతే చదువు దెబ్బ తింటుంది. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద బడిపిల్లలకు ఉచితంగా కళ్ళజోళ్ళు ఇచ్చే ఏర్పాటు ఉంది. ప్రభుత్వాస్పత్రి కంటి విభాగంలో అడగండి.

ముందు కన్ను చూపించండి, తరువాత దీపం కొనండి.