వేళ్ళు పది... గొంతులు ఎన్ని?

కీబోర్డు కొందామని బెంగుళూరు వెళ్ళినవాళ్ళకు అంగడివాడు మొదట చెప్పేది ఒక అంకె. "ఇది 48 పాలీఫొనీ సార్, అది 128." వినేవాళ్ళకు పెద్ద అంకె ఉన్నదే మంచిదనిపిస్తుంది. ధర కూడా ఆ అంకెతోపాటే పెరుగుతుంది. ఉన్నవి పది వేళ్ళే కదా, 128 ఎందుకు అని అడిగేవాళ్ళు తక్కువ.

ఆ ప్రశ్న మా రాబర్ట్‌సన్‌పేటలో ఒక ఇంట్లో వచ్చింది. ఇంటి పెద్దాయన బంగారు గనిలో పనిచేస్తూ, సాయంకాలాలు ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక కొన్నేళ్ళపాటు ఆ కీబోర్డే ఇంటికి ఆధారం. పెళ్ళిళ్ళు, వినాయక చవితి పందిళ్ళు, రాజ్యోత్సవాలు. ఒకే వేదిక మీద తమిళం పాట, తెలుగు పాట, కన్నడం పాట. మా ఊళ్ళో అది వింతేమీ కాదు. ఆయనది కోర్గ్ ఎం1. 1988లో వచ్చిన మోడలు. ఆయన సెకండ్‌హ్యాండులో కొన్నారు. కొడుకు రోజూ తెల్లవారి మారికుప్పం రైలెక్కి బెంగుళూరులో ఉద్యోగానికి వెళ్ళే కుర్రవాడు. రోలాండ్ ఎక్స్.పి.ఎస్.30 కొని తెచ్చాడు. తెచ్చిన రోజే, "ఇంక ఆ పాతది ఎందుకు నాయనా? దాంట్లో ఉండేది 16, దీంట్లో 128. అమ్మేద్దాం" అన్నాడు. పెద్దాయన ఏమీ అనలేదు. అనకపోవడమే ఇంట్లో అందరికీ ఇబ్బందయింది.

ఇంతకూ ఈ పాలీఫొనీ అంటే ఏమిటి? ఒక టీ అంగట్లో పదహారు గ్లాసులు ఉన్నాయనుకుందాం. పదిహేడో మనిషి వస్తే కాచుకోమంటారు. కీబోర్డు కాచుకోమనదు. ముందు వచ్చినవాడి చేతిలోంచి, తాగడం ముగిసినా ముగియకపోయినా, గ్లాసు లాక్కుని కొత్తవాడికి ఇస్తుంది. అంటే మోగుతున్న ఒక పాత స్వరం తెగిపోతుంది. ఎన్ని గ్లాసులుంటే అన్ని గొంతులు, అదే పాలీఫొనీ. పది వేళ్ళకు పదే చాలుగదా అంటారేమో. కాలి కింద పెడల్ తొక్కిపెడితే వేలు తీసినా స్వరం మోగుతూనే ఉంటుంది, అంటే ఆ గ్లాసు ఇంకా తిరిగి రాలేదన్నమాట. వెనకాల తాళం, బేసు, కార్డులు వాయించే ఆటో స్టైలు పెడితే అవన్నీ ఇదే అంగడి గ్లాసులు వాడుకుంటాయి. ఒక పియానో శబ్దానికి వయొలిన్ల శబ్దం జోడిస్తే ఒక్కొక్క మెట్టుకు రెండు గ్లాసులు.

హార్మోనియానికి ఈ లెక్కే లేదు. మెట్టు మెట్టుకూ సొంత రీడు ఉంటుంది, అన్నీ నొక్కితే అన్నీ మోగుతాయి. ఎలక్ట్రానిక్ వాద్యాలకే వచ్చింది ఈ కరువు. 1970లో వచ్చిన మినీమూగ్‌కు ఒకటే గొంతు. 1978 నాటి ప్రాఫెట్-5కు పేరులో ఉన్నట్టే అయిదు. 1983లో యమహా డి.ఎక్స్.7 వచ్చి పదహారు ఇచ్చింది.

గొంతుల లెక్క కంటే ముఖ్యమైనది ఆ గొంతు ఎలా పుడుతుందన్నది. అంగళ్ళలో దీన్నే సౌండ్ ఇంజను అంటారు. డి.ఎక్స్.7లో రికార్డు చేసిన శబ్దమేదీ లేదు. ఒక నాదతరంగాన్ని ఇంకొక తరంగంతో వేగంగా కదిలిస్తే కొత్త శబ్దం పుడుతుందని అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ చౌనింగ్ కనిపెట్టారు. యమహావాళ్ళు ఆ హక్కు తీసుకుని, అలాంటి తరంగాలు ఆరింటిని 32 రకాలుగా కలిపే వీలు కల్పించారు. గంటలు, ఎలక్ట్రిక్ పియానో అందులో మహా బాగుంటాయి. 1987లో రోలాండ్ డి-50 ఇంకొక ఉపాయం చేసింది. వాద్యాన్ని మన చెవి గుర్తుపట్టేది చాలావరకు శబ్దం మొదలయ్యే క్షణంలోనే. అందుకని ఆ మొదటి తునకను మాత్రం అసలు రికార్డింగునుంచి తీసుకుని, మిగతాది యంత్రంతో పుట్టించారు. మెమరీ ఖరీదైన రోజులవి.

ఆ మరుసటి ఏడాది వచ్చిన ఎం1 రికార్డు చేసిన శబ్దాల మీదే ఆధారపడింది. పియానో, వేణువు, డ్రమ్ములు అన్నీ కలిపి నాలుగు మెగాబైట్లలో ఇమిడ్చారు. ఈనాడు ఫోనులో తీసే ఒక ఫొటోకు పట్టే చోటు అది! అన్నట్టు, ఎ.ఆర్.రహమాన్ 1992లో 'రోజా'కు సంగీతం ఇవ్వకముందు ఇళయరాజా, రమేష్ నాయుడు, హంసలేఖ, రాజ్-కోటి వంటివారి దగ్గర కీబోర్డు వాయించారు. మన ఆర్కెస్ట్రాలవాళ్ళు క్యాసెట్లలో విని వెతుక్కున్నది ఆ తరం శబ్దాలనే.

ఇక ఆ ఇంటి సంగతి. ఒక ఆదివారం రెండింటినీ పక్కపక్కన పెట్టి వాయించి చూశారు. వినడానికి నన్నూ పిలిచారు. మొదట కొడుకు మాటే నెగ్గింది. ఎం1లో రెండు శబ్దాలు కలిపే 'డబుల్' పద్ధతి పెడితే పదహారు గొంతులు ఎనిమిది అవుతాయి. పియానో, వయొలిన్లు కలిపి, పెడల్ తొక్కి కార్డు మార్చగానే కింది స్వరం తెగింది. సినిమా పాటలో ఆ లోటు బాగా తెలిసింది. కొత్తదాంట్లో అదే పాట నిండుగా పలికింది. పియానో శబ్దం కూడా కొత్తదాంట్లోనే నిజానికి దగ్గరగా ఉంది. అందులో అనుమానం లేదు.

అప్పుడు నాకొక సందేహం వచ్చి లెక్క వేశాం. రోలాండులో ఒక్కొక్క శబ్దాన్ని నాలుగు పొరల దాకా కలిపి కట్టవచ్చు. నాలుగు పొరలున్న శబ్దం వాయిస్తే 128 కాస్తా 32 అవుతుంది. అలాంటివి రెండు జోడిస్తే పదహారు! అన్ని శబ్దాలూ అంత తినవనుకోండి. కానీ పెట్టె మీది అంకె వేళ్ళ లెక్క కాదని కుర్రవాడికి తెలిసింది. "అయితే నాయన 16 నా 16 ఒకటేనా?" అని నవ్వాడు.

తర్వాత పెద్దాయన వంతు. కైవారం తాతయ్య కీర్తన ఎత్తుకున్నారు. కైవారం 2007 నుంచి చిక్కబళ్ళాపురం జిల్లాలోకి పోయినా, ఆయన తెలుగు కీర్తనలు మా కోలారు భజనల్లో ఇప్పటికీ మోగుతూనే ఉన్నాయి. ఆయన పొరలన్నీ తీసేసి ఒకే వేణువు శబ్దం పెట్టుకున్నారు. కుడిచేత ఒకే స్వరం, ఎడమచేయి జాయ్‌స్టిక్ మీద. మెట్టు నొక్కి, ఆ కర్రను కొంచెం జరిపి, స్వరాన్ని పైకి లాగి వదిలారు. గమకం వచ్చింది. ఆ రెండు నిమిషాలూ ఆయన వాడింది పదహారులో ఒక్క గొంతు. ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు.

మన సంగీతానికి ఇదే ప్రాణం. స్వరాన్ని వంచలేదనే కదా ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని దూరం పెట్టింది! కొత్త రోలాండుకూ ఆ లీవరు ఉంది. కుర్రవాడు దాన్ని అంతవరకు ముట్టుకోలేదంతే. ముట్టుకున్నా, రెండు చేతుల కార్డు నొక్కి లీవరు జరిపితే నొక్కిన స్వరాలన్నీ ఒకేసారి వంగి శ్రుతి చెడుతుంది. 1994లో యమహావాళ్ళు వి.ఎల్.1 అనే ఖరీదైన కీబోర్డు చేశారు. గాలివాద్యం లోపల గాలి కదిలే తీరునే లెక్కగట్టి శబ్దం పుట్టించే ఇంజను దానిది. గొంతులు రెండంటే రెండే.

పిల్లలకు కీబోర్డు కొనేవారికి నేను చెప్పేది ఇంతే. భజనకూ కీర్తనకూ అయితే పిచ్ బెండ్ చక్రమో లీవరో ఉందా అని ముందు చూడండి. చిన్న మోడళ్ళలో కొన్నిటికి అది ఉండదు. పియానో నేర్చుకుంటారా, ఆటో స్టైలుతో సినిమా పాటలు వాయిస్తారా, అప్పుడు అంకె చూడండి. 48 అయినా ఇంటికి సరిపోతుంది.

పాతది ఇంట్లో ఉంటే అమ్మేముందు ఒక మాట. ఎం1, డి.ఎక్స్.7 వంటివాటిలో బటన్ సెల్లు ఉంటుంది. అది చచ్చిపోతే దాచిపెట్టిన శబ్దాలన్నీ చెరిగిపోతాయి, వాద్యం చెడిపోయిందని చవగ్గా ఇచ్చేస్తారు. సెల్లు మార్చేముందు మిడి కేబులుతో శబ్దాలను కంప్యూటరులో దాచుకోవాలి. ఇక మా ఊరివాళ్ళకు సైనైడు దిబ్బల దుమ్ము ఉండనే ఉంది. అది మెట్ల కింది రబ్బరు కాంటాక్టుల్లో చేరితే స్వరాలు పలకవు. శుభ్రం చేయించుకుంటే చాలు.

మిడి 1983లో వచ్చిన ఏర్పాటు. అప్పటి అయిదు పిన్నుల కేబులే ఇప్పటికీ పనిచేస్తుంది. ఆ సాయంకాలమే కుర్రవాడు కొత్తదాని నుంచి పాతదానికి తీగ కలిపాడు. కొత్తదాని మెట్లు నొక్కితే రెండూ కలిసి పలికాయి. అమ్మే మాట మళ్ళీ రాలేదు. వచ్చే ఆదివారం ఎం1 విప్పి సెల్లు మారుస్తారట. "శబ్దాలన్నీ కంప్యూటరులోకి పోయినాయా లేదా, రెండు తూర్లు చూడు రేయ్" అని పెద్దాయన ఇప్పటికే నాలుగు తూర్లు చెప్పారు.