ఊపిరి బిగబట్టవద్దు!

మన శ్రీకాకుళం జిల్లా నుంచి అండమాన్‌కు వలస వెళ్లిన కుటుంబాలు ఎన్నో. అక్కడి పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) ఎదుట నార్త్ బే ఉంది. ఎర్రరంగు పాత 20 రూపాయల నోటు వెనుక కనిపించే దృశ్యం అక్కడిదే. ఆ వెచ్చని, లోతు తక్కువ నీటిలో పగడపు దిబ్బలు చూడటానికి స్కూబా డైవింగ్ చేస్తారు. వీపున కట్టుకునే సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అనుకుంటాం. కాదు, మామూలు గాలినే ఒత్తిడితో నింపుతారు.

చెరువులో ఊపిరి బిగబట్టి మునగడం మనకు అలవాటే. పైన పీల్చిన గాలి లోపల కుంచించుకుపోయి, తేలగానే మళ్లీ మునుపటంత అవుతుంది. ప్రమాదం లేదు. స్కూబాలో గాలి పీల్చేదే నీటి అడుగున. 10 మీటర్ల లోతున పీడనం రెండింతలు. అక్కడ నిండుగా పీల్చి, బిగబట్టి పైకి వస్తే, 1662లో బాయిల్ చెప్పిన సూత్రం ప్రకారం ఆ గాలి రెండింతలుగా వ్యాకోచించబోతుంది. ఊపిరితిత్తులు చిట్లి ప్రాణం పోవచ్చు. నిలువెత్తు లోతులోనూ ఈ ప్రమాదం ఉంది. అందుకే ఆగకుండా శ్వాసించాలి, నిదానంగా పైకి రావాలి.

పగడాలు రాళ్లు కావు, ప్రాణులు. వాటిపై కాలు మోపరాదు.

పరీక్ష కోసం బట్టీ పట్టిన సూత్రాన్ని ఒకసారి అర్థం చేసుకుని చదవండి. సముద్రంలో ప్రాణం కాపాడేది అదే!