షికారు చెరువు, ఆరడుగుల అలుగు

వాడరేవులో మట్టికట్ట వేసి నీళ్లు నిలబెడదామని ఎవరూ అనుకోరు. ఎక్కడ తవ్వినా ఇసుకే. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాక నేనిక్కడ ఇల్లు కట్టుకోవడానికి అదీ ఒక కారణం, ఇక కట్టల గొడవ ఉండదని. అయితే గొడవ ఫోన్లో వచ్చింది. మా మేనల్లుడు, వాడి స్నేహితులు కలిసి గిద్దలూరు దాటాక నల్లమల అంచున కొంత భూమి కొన్నారు. రిసార్టు పెడతారట. ‘‘మీకు సముద్రం ఉంది మావయ్యా, మాకు చెరువన్నా ఉండొద్దా?’’ అంటూ పొలం పక్కన పారే వాగుకు అడ్డంగా కట్ట పోసేశారు. పెడల్ బోట్లు కూడా దిగాయి. ఒకసారి వచ్చి చూసిపొమ్మన్నాడు.

వెళ్లాను. కట్ట నడుమ ఐదు మీటర్ల ఎత్తు ఉంటుంది. పైన టైల్స్ పరిచిన నడకదారి, రెండు వైపులా కొబ్బరి మొక్కలు, సోలార్ దీపాలు. ఫొటోకి బాగుంటుంది, కాదనను. ‘‘అలుగేదిరా?’’ అన్నాను. చివరికి తీసుకెళ్లి చూపించాడు. ఆరడుగుల వెడల్పు, రెండడుగుల లోతున్న సిమెంటు గాడి. దానికి అడ్డంగా ఇనుప జాలీ. ఎందుకురా అంటే, ‘‘చేపలు పోకుండా మావయ్యా. గాలం వేసేవాళ్లు వస్తారు కదా.’’

చెరువు గురించి తెలియనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. చెరువు నిండాక మిగులు నీరు కట్ట జోలికి రాకుండా పక్కనుంచి పోవడానికి వదిలే దారే అలుగు. కాంక్రీటు ఆనకట్ట మీదుగా నీళ్లు దూకితే దానికి సామాన్యంగా ఏమీ కాదు, దూకడానికే కడతారు కొన్నిటిని. మట్టికట్ట అలా కాదు. పైనుంచి నీరు పొర్లిందంటే ముందు వెనక వాలు కోసుకుపోతుంది, ఆ కోత వెనక్కి వెనక్కి తింటూ చెరువులోకి చేరుతుంది. అక్కణ్ణుంచి గండిని ఆపే మొనగాడు లేడు. అందుకే కట్ట ఎంత గట్టిగా పోశారన్న దానికంటే అలుగు ఎంత పెట్టారన్నది ముందు చూడాలి.

కాగితం తీసుకుని అక్కడే లెక్క వేశాను. వాడి అలుగులో రెండడుగుల ఎత్తున నీరు పారితే పోయేది దాదాపు 50 క్యూసెక్కులు, అదీ జాలీ తీసేస్తే. ఆ వాగుకు పైన రెండు చదరపు మైళ్ల కొండవాలు ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి మా శాఖలో చిన్న చెరువులకు వాడే రైవ్స్ సూత్రం ప్రకారం, గట్టి వాన పడితే అక్కణ్ణుంచి దిగే వరద 900 క్యూసెక్కులకు అటూ ఇటూ. కాగితం వాడి చేతికిచ్చాను. వాడు బీటెక్. రెండోసారి అడగలేదు.

జాలీ కథ కొత్తదేం కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో సౌత్ ఫోర్క్ అనే మట్టి ఆనకట్ట ఉండేది, 72 అడుగుల ఎత్తు. పిట్స్‌బర్గ్ ధనవంతుల చేపల వేట క్లబ్బు దాన్ని షికారు సరస్సుగా మార్చుకుంది. ఆండ్రూ కార్నెగీ, హెన్రీ క్లే ఫ్రిక్ లాంటివాళ్లు అందులో సభ్యులు. అడుగునుంచి నీళ్లు వదిలే ఇనుప గొట్టాలను అంతకుముందున్న యజమాని ఊడదీసి అమ్ముకున్నాడు. క్లబ్బువాళ్లు మళ్లీ పెట్టలేదు. గుర్రబ్బండ్లు పోవడానికి వీలుగా కట్ట తల కాస్త దించారు. చేపలు పోకుండా అలుగుకు జాలీలు బిగించారు. 1889 మే 31న భారీ వాన కురిసింది. కొట్టుకొచ్చిన చెత్త జాలీలకు పట్టింది, నీరు కట్ట మీద పొర్లింది, కట్ట పోయింది. పద్నాలుగు మైళ్ల దిగువన జాన్స్‌టౌన్. చనిపోయినవాళ్లు 2,209 మంది. కోర్టుకెక్కినవాళ్లకు క్లబ్బునుంచి దక్కింది ఏమీ లేదు.

మావాడి కట్టకూ అడుగున తూము లేదు. ఖాళీ చేయాల్సివస్తే ఎలారా అంటే ‘‘మోటారు పెడతాం’’ అన్నాడు. వరద రాత్రి, కరెంటు పోయిన చోట, మోటారు!

వాణ్ణి కట్ట వెనక్కి దింపాను. చూడాల్సింది అక్కడ. ముందు వైపు అందరూ బోట్లలో తిరుగుతూ చూస్తూనే ఉంటారు. వెనక వాలు పాదం దగ్గర ఒక చోట నేల మెత్తగా ఉంది, చుట్టూ ఎండిపోయిన గడ్డి ఉండగా అక్కడ మాత్రం తుంగ పచ్చగా మొలిచింది. వేలితో మట్టి తీస్తే ఊట. ప్రతి మట్టికట్టలోనూ కొంత ఊట ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు. నీటి రంగు చూడాలి. గాజు గ్లాసు తెప్పించి గుంటలో ముంచి పట్టాను. కాసేపు కదపకుండా ఉంచితే అడుగున ఏమీ దిగలేదు. తేటగా వస్తే కట్ట ఊరుతోంది, అంతే. బురదగా వస్తే మాత్రం లోపలి మట్టి బయటికి వస్తోందన్నమాట, లోపల సొరంగం పడుతోంది. దాన్నే మేం బుంగ అంటాం. పీతల బొరియలు, ఎలుక కన్నాలు, ఎండిన చెట్టు వేర్లు, సరిగా దిమ్మిస చేయకుండా కట్టలోంచి తీసిన పైపులు, ఇవన్నీ బుంగకు దారులు. కొబ్బరి మొక్కల మీద నా కోపం అందుకే. సర్కారు తుమ్మ తనంతట తాను మొలుస్తుంది, వీళ్లు డబ్బిచ్చి కొని నాటారు.

2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.10 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు నేను కరకట్ట మీద డ్యూటీలో ఉన్నాను. బుంగ కనబడగానే ఊళ్లోవాళ్లు బయటి రంధ్రంలోనే బస్తా కుక్కబోతారు. కుక్కితే నీరు ఇంకో చోట తన్నుకొస్తుంది. రంధ్రం చుట్టూ ఇసుక బస్తాలతో బావి ఒరలాగా పేర్చి, లోపల నీటిమట్టం పెరగనివ్వాలి. మట్టం పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది, మట్టి రావడం ఆగుతుంది, తేట నీరు మాత్రం ఊరుతుంది. ఆ వరదలోనే భట్టిప్రోలు మండలం ఓలేరు దగ్గర గండి పడి రేపల్లె వైపు ఊళ్లు నీట మునిగాయి. 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చింది, అంతకంటే ఎక్కువ. ఆ రాత్రుళ్లు కరకట్ట మీద ఇసుక బస్తాలతో కాపలా కాసినవాళ్లలో ఓలేరు గండి కళ్లారా చూసినవాళ్లు ఉన్నారు.

కరకట్టకైతే ఒక శాఖ ఉంది, లస్కర్లు ఉన్నారు, తిట్టడానికైనా ఒక ఆఫీసు ఉంది. మావాడి కట్టకు?

దేశంలో ఆనకట్టల భద్రతా చట్టం 2021లో వచ్చింది. దాని కింద జాతీయ కమిటీ, జాతీయ ప్రాధికార సంస్థ, రాష్ట్రాల్లో కమిటీలు, భద్రతా విభాగాలు ఉంటాయి. వానాకాలానికి ముందు, తర్వాత తనిఖీ చేయాలి, ప్రమాదం వస్తే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోవాలి. మంచి చట్టమే. అయితే అది 15 మీటర్లు దాటిన ఆనకట్టలకు. 10 నుంచి 15 మీటర్ల మధ్యవైతే పొడవు 500 మీటర్లో, నిల్వ 10 లక్షల ఘనపు మీటర్లో, అలాంటి షరతుల్లో ఒకటైనా ఉండాలి. మావాడి ఐదు మీటర్లు ఆ చట్టం కంట పడదు. అమెరికాలో 1977 నవంబరులో జార్జియాలోని కెల్లీ బార్న్స్ అనే చిన్న మట్టికట్ట తెగి 39 మంది పోయాక, అధ్యక్షుడు కార్టర్ ప్రమాదకరమైన ప్రైవేటు కట్టల తనిఖీకి ఆదేశించాడు. అక్కడి జాబితాలో, తెగితే కింద ప్రాణాలు పోతాయనుకున్న కట్టను ఎత్తుతో పనిలేకుండా చేరుస్తారు. నాకు ఆ పద్ధతే సబబుగా తోస్తుంది. మావాడి కట్ట కింద, వాగు ఒడ్డున, ఒక పల్లె ఉంది. వాళ్లు బోటు ఎక్కలేదు.

చట్టం కింద ఉన్నంత మాత్రాన సరిపోతుందనీ కాదు. చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు పెద్దదే, ప్రభుత్వానిదే. 2021 నవంబరు 19 తెల్లవారుజామున పైనున్న పింఛా కట్ట తెగిన నీరు కూడా తోడై వచ్చి పడింది. ఐదు గేట్లలో ఒకటి పనిచేయని స్థితిలో ఉంది. మట్టికట్ట మీద నీరు పొర్లి కట్ట కొట్టుకుపోయింది. పులపుత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ల మీదికి నది వచ్చింది.

గిద్దలూరు నుంచి దక్షిణంగా పోతే పోరుమామిళ్ల. అక్కడి చెరువు శాసనం 1369 నాటిది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు వెయ్యి మంది కూలీలతో, వంద బండ్లతో రెండేళ్లలో కట్టించిన చెరువు అది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని అందులో లెక్క రాసిపెట్టారు. కట్టలోంచి నీరు ఊరడం ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఇంకొకటి. ఆ రెండోదాన్ని నేను నా సర్వీసంతా చూశాను. ఇరిగేషన్ వాళ్లు రెవెన్యూదంటారు, రెవెన్యూ వాళ్లు పంచాయతీదంటారు, పంచాయతీ వాళ్లు అది ప్రైవేటు అంటారు.

మావాడు ఆ రోజే జాలీ కోయించాడు. అలుగు వెడల్పు చేసేదాకా నీళ్లు సగానికి మించి నిలపవద్దన్నాను. వాగు మీద కట్ట వేసినందుకు అనుమతి కాగితాల పని ముందే చేసుకోవాల్సింది, ఇప్పుడు పెట్టారు, తిరుగుతున్నారు. తూముకు కట్ట కోసి మళ్లీ పోయాలంటే ఖర్చని స్నేహితులు గొణుగుతున్నారట. కొబ్బరి మొక్కల మీద ఇంకా బేరం నడుస్తోంది, ఆర్కిటెక్టు ఒప్పుకోవడం లేదు. ప్రమాదం అనిపిస్తే ఫోన్ చేయమని పల్లెలో బోర్డు పెట్టించి, దాని మీద నా నంబరు రాయిస్తానన్నాడు. నేను వాడరేవులో ఉంటానురా, రాత్రి కట్ట వెనక లైటు పట్టుకుని నడిచేవాడి నంబరు రాయించు అన్నాను. అలాంటివాడు ఇంకా లేడు. వెతుకుతున్నారు.