డ్రైనేజీలోకి ఏది వదలొచ్చు, ఏది వదలకూడదు

హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌లలో ఇల్లయినా హోటలైనా ఆసుపత్రైనా డ్రైనేజీలోకి వదిలే నీటికి హద్దులున్నాయి. విషపూరితమైన, కాలుష్యం కలిగించే పదార్థాలను తెలిసి వాగులో గానీ, బావిలో గానీ, మురుగు లైన్లో గానీ కలపకూడదని 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షన్ చెబుతుంది. ఏది ఎంత మోతాదు దాటకూడదో 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల్లో ఉంది. కనెక్షన్లిచ్చి లైన్లు చూసుకునేది 1989 చట్టం కింద ఏర్పడిన నగర నీటి సరఫరా, మురుగునీటి సంస్థ జలమండలి. ఎల్బీనగర్ మున్సిపాలిటీ 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ)లో కలిసినా, శివారు సర్కిళ్ల డ్రైనేజీ నిర్వహణ జలమండలి చేతికి వచ్చింది మాత్రం 2021లోనే.

ఈ 1986 నియమాల ప్రకారం మురుగు లైన్లోకి వెళ్లే నీటి పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి. లీటరు నీటిలో కరగని మడ్డి 600 మిల్లీగ్రాములు, నూనె, గ్రీజు 20 మించకూడదు. కుళ్లే పదార్థాన్ని సూక్ష్మజీవులు తినేయడానికి పట్టే ఆక్సిజన్ లెక్కను బీఓడీ అంటారు; అది 350 దాటకూడదు. అదే నీటిని నేరుగా చెరువులోకో నదిలోకో వదిలితే మడ్డి 100, నూనె 10, బీఓడీ 30 మాత్రమే.

ఇంత సడలింపు ఊరికే ఇవ్వలేదు. లైను చివర సూక్ష్మజీవులతో మురుగును శుద్ధి చేసే ప్లాంటు ఉంటేనే అది చెల్లుతుంది, లేకపోతే చెరువుకూ నదికీ పెట్టిన హద్దులే వర్తిస్తాయని నియమాల్లో ఈ హద్దులిచ్చిన పట్టిక కిందే రాసి ఉంది. మొత్తం నిబంధనల్లో కీలకం ఈ షరతే. ఈ ప్రాంతానికి దగ్గర్లో, మూసీ ఒడ్డున నాగోలులో రోజుకు 17.2 కోట్ల లీటర్ల పాత ప్లాంటుకు తోడు 32 కోట్ల లీటర్ల కొత్త ప్లాంటు కట్టారు. పైపు ఏ శుద్ధి ప్లాంటుకూ చేరకుండా నాలాలోనో సరూర్‌నగర్ చెరువులోనో పడితే, ఆ సడలింపు ఇక వర్తించదు. ఆసుపత్రులకు మరో షరతు కూడా ఉంది. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాల ప్రకారం ల్యాబు, ఆపరేషన్ థియేటరు నీళ్లను మిగతా మురుగులో కలపకముందే విడిగా శుద్ధి చేయాలి.

కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, మెస్సులు కిక్కిరిసిన దిల్‌సుఖ్‌నగర్‌లో అసలు చిక్కు వంటింటి నూనెతోనే. వేడి నీళ్లతో, సబ్బుతో కలిసి నూనె సింకు దాటుతుంది. కొన్ని గజాలు పోయాక చల్లబడి పైపు గోడకు అంటుకుంటుంది. దానికి గంజి, మెతుకులు, ఇడ్లీ పిండి పట్టి తెల్లగా గట్టి పెచ్చులు కడతాయి. దారి సన్నబడి, ఒకరోజు వీధిలో మ్యాన్‌హోల్ పొంగుతుంది. అందుకే హోటళ్లు, మాల్స్, ఆసుపత్రులు, అపార్ట్‌మెంట్లు సిల్ట్ చాంబర్ కట్టుకోవాలని జలమండలి పట్టుబడుతోంది, కట్టనివారికి నోటీసులిస్తోంది. భవనానికీ వీధి మ్యాన్‌హోల్‌కీ మధ్య ఉండే చిన్న తొట్టి అది. నీరు బయటికెళ్లే పైపు తొట్టి అడుగుకంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి మడ్డి కిందే ఆగిపోతుంది, చెత్తను జాలీ పట్టేస్తుంది. తరచూ శుభ్రం చేయకపోతే ఆ తొట్టి ఉన్నా లేనట్టే.

వాన నీటిని డ్రైనేజీలో కలపడమూ తప్పే. మురుగు పైపు వాన తాకిడిని తట్టుకునేంత పెద్దది కాదు. 2020 అక్టోబరులో సరూర్‌నగర్ కాలనీలు మునిగినట్టు నీళ్లు చేరితే, మ్యాన్‌హోల్ మూత తీసి నీళ్లు పంపేయాలనిపించడం సహజమే. కానీ అనుమతి లేకుండా మూత తీయడం జలమండలి చట్టం కింద నేరం. నీళ్ల కింద కనిపించని ఆ గుంతలో మనిషి పడితే ప్రాణం పోతుంది. పైగా ఆ నీటితో మట్టి, ప్లాస్టిక్ లైన్లోకి చేరతాయి.

పూడుకుపోయిన లైన్ల భారం చివరికి పారిశుద్ధ్య కార్మికుల మీదే పడుతుంది. కుళ్లిన మురుగులోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు క్షణాల్లో స్పృహ తప్పిస్తుంది. 2021 ఆగస్టులో వనస్థలిపురం సాహెబ్‌నగర్‌లో మ్యాన్‌హోల్లోకి దిగిన ఇద్దరు కార్మికులు చనిపోయారు. రక్షణ పరికరాలు లేకుండా మనుషులను మురుగు లైన్లలోకి దించడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం నిషేధించింది. అలా చనిపోయినవారి కుటుంబాలకు ఇచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షల రూపాయలకు పెంచింది. లైను పూడినా, పొంగినా ఎవరూ మూత తీయకుండా జలమండలి 155313 నంబరుకు ఫిర్యాదు చేయాలి.