తూకానికి వేసే ముందు పేరు చదవండి!

మీ ఇంటి అటక మీద నల్లగా మాసిపోయిన ఇత్తడి బిందె ఉందా? పాత సామాన్ల బండి వచ్చినప్పుడు తూకానికి వేసేద్దాం అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ముందు దాని అంచు కింద తుడిచి చూడండి. అక్కడో పేరు ఉండొచ్చు.

నాది కడప జిల్లా ఖాజీపేట. మా వైపు వంటపాత్రల్ని బోకులంటాం. ఐదేళ్లుగా పాత బోకులు పోగేస్తున్నా. కంచు గిన్నెలు, రాగి చెంబులు, ఇత్తడి దబరలు, సంగటి తెడ్లు... కొలపాత్రలంటే మరీ ఇష్టం. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చాక మెల్లగా లీటర్లు, కిలోలు అలవాటై ఇవన్నీ అటకెక్కాయి.

ఈ సరదాలో నాకు అసలు పోటీ కొలిమితోనే. పాత ఇత్తడిని బరువు చూసి కొంటారు. వయసుకు, పనితనానికి, మీదున్న పేరుకు పైసా కట్టరు. కరిగాక మిగిలేది రాగి, జింకు కలిసిన ముద్ద.

మా వీధిలో ఒక అవ్వ కొడుకు దగ్గరికి బెంగళూరు పోతూ సామాన్లన్నీ అమ్మకానికి తీసింది. నేను వెళ్లేసరికి గంగాళం, రెండు బిందెలు, ఒక చెంబు కాటా పక్కన ఉన్నాయి. చెంబు తిప్పి చూస్తే చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు.

"అవ్వా, దీని మీద పేరుంది."

"అంగడోళ్ల గుర్తు అనుకుంటి అబ్బీ. నాకు సదువు రాదు గదా. ఏముందో సదువు."

చదివా. అది వాళ్లమ్మ పేరు! ఆ తల్లి తన చెంబునే కూతురికి సారెలో పెట్టి పంపిందన్నమాట. ఇన్నేళ్లూ నీళ్లు తాగిన చెంబు మీద అమ్మ పేరుందని అవ్వకు ఆ రోజే తెలిసింది. మారు మాట్లాడకుండా దాన్ని కొంగులో చుట్టుకుని లోపలికి పోయింది. గంగాళం నేను కొన్నా. చెంబు అడగబుద్ధి కాలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నాలుగు మాటలు:

* అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. ఇత్తడికి, రాగికి, కంచుకు అది అంటదు. అంటిందంటే లోపల ఇనుమే!

* కంచు అంటే రాగి, తగరం. వేలితో కొడితే ఖంగుమని మోగుతుంది. బొంగురుగా పలికితే ఎక్కడో బీట ఉన్నట్టే.

* చింతపండుతో తోమితే మెరుస్తాయి. కానీ గట్టిగా రుద్దితే పేరు అరిగిపోతుంది.

* కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో పులుసు, పెరుగు వద్దు. పులుపుకు లోహం కరిగి తిండిలోకి దిగుతుంది. పాత్రను వేడిచేసి, నవసాగరం చల్లి, కరిగిన తగరాన్ని గుడ్డతో పూయడమే కళాయి. అతుకులేసిన పాత పాత్రల్ని మాత్రం చూసుకోవడానికే ఉంచుకోండి, అతుకులో సీసం ఉండొచ్చు.

ఇదంతా చాదస్తం అనుకోకండి. అహ్మదాబాద్‌లో సురేంద్ర పటేల్ అనే ఆయన 1981లో ఏకంగా పాత్రల మ్యూజియమే పెట్టారు. పేరు వేచార్. వేల పాత్రలున్నాయి అందులో.

మనకు అంత అక్కర్లేదు, చేతిలో ఫోన్ చాలు. ఈ ఆదివారం ఒక్క పాత్ర కిందికి దించండి. పేరును ఫొటో తీసి ఎవరిదో అమ్మనో, అవ్వనో అడగండి. ఎవరిచ్చారు, అందులో ఏం వండేవాళ్లు, వాళ్ల మాటల్లోనే రికార్డు చేసుకోండి. ఆ తర్వాత అమ్ముకుంటారో, ఉంచుకుంటారో మీ ఇష్టం.