సీలేరు

సీలేరు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం, అల్లూరి సీతారామరాజు జిల్లా, గూడెం కొత్తవీధి మండలానికి చెందిన గ్రామం. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడే వరకు ఇది విశాఖపట్నం జిల్లాలో ఉండేది. తూర్పు కనుమలలో, ఒడిషా సరిహద్దుకు చేరువగా, సీలేరు నది లోయలో ఉన్నది. ఎగువ సీలేరు జల విద్యుత్ కేంద్రం ఇక్కడే కలదు. విద్యుత్తు వార్తలలోను, గోదావరి డెల్టా రబీ నీటి లెక్కలలోను ఈ పేరు తరచుగా వినబడుతుంది. అయితే అది ఒక ఊరి పేరు కూడా అన్న సంగతి మైదాన ప్రాంతం వారిలో చాలామందికి తెలియదు.

నది

ఊరికి పేరు నది నుండి వచ్చింది. ఈ నది మాడుగుల కొండలలో పుట్టి, పై భాగంలో మాచ్‌ఖండ్ అనే పేరుతో ప్రవహిస్తుంది. హుకుంపేట మండలంలో ఈ నదిపై ఉన్న మత్స్యగుండం పుణ్యక్షేత్రం. అక్కడి మడుగులోని చేపలను దైవంగా భావించి ఎవరూ పట్టరు. మహాశివరాత్రికి జాతర జరుగుతుంది. నది కొంత దూరం ఆంధ్ర, ఒడిషాల మధ్య సరిహద్దుగా సాగి, డుడుమ వద్ద జలపాతంగా దూకుతుంది. దిగువకు వచ్చేసరికి సీలేరు అనే పేరు పొంది, శబరిలో కలుస్తుంది. శబరి కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. కాబట్టి మాడుగుల కొండలపై పడిన వాన ధవళేశ్వరం చేరాలంటే సీలేరు మీదుగానే పోవాలి.

చరిత్ర

బ్రిటిషు పాలనలో ఈ కొండలు విశాఖపట్నం ఏజెన్సీలో భాగం. 1839 నాటి చట్టం ప్రకారం ఇక్కడ మైదాన ప్రాంతపు న్యాయ, రెవెన్యూ పద్ధతులు వర్తించేవి కావు. జిల్లా కలెక్టరే ఏజెంటు హోదాలో సర్వాధికారి. కొన్ని గ్రామాలు కలిపి ఒక ముఠా, దానిపై ఒక ముఠాదారు ఉండేవారు. పోడు వ్యవసాయంపై అటవీ శాఖ ఆంక్షలు, రోడ్డు పనులకు వెట్టి చాకిరీ పెరిగినకొద్దీ అసంతృప్తి ముదిరింది. నర్సీపట్నం నుండి చింతపల్లికి రోడ్డు వేయించిన గూడెం తహసీల్దారు బాస్టియన్ గిరిజనులకు సరిగా కూలి ఇవ్వలేదన్నది ఆనాటి ముఖ్యమైన ఫిర్యాదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేయడంతో మొదలైన మన్యం తిరుగుబాటు ఈ గూడెం కొండలనే స్థావరం చేసుకొన్నది. నేడు సీలేరుకు పోయే బస్సు ఎక్కేది కూడా అదే నర్సీపట్నం - చింతపల్లి దారి.

స్వాతంత్ర్యానికి పూర్వం మైదాన ప్రాంతపు ఉద్యోగులు ఈ వైపు బదిలీ అంటే భయపడేవారు. కారణం మన్యపు జ్వరం, అనగా మలేరియా.

విద్యుత్ కేంద్రాలు

ఊరి రూపాన్ని మార్చినది జల విద్యుత్తు. నదిపై మొదటి కేంద్రం ఎగువన ఉన్న మాచ్‌ఖండ్. జోలాపుట్ జలాశయం ఆధారంగా 1955లో ప్రారంభమైన ఈ కేంద్రం సామర్థ్యం 120 మెగావాట్లు. 1962లో ఆంధ్రప్రదేశ్, ఒడిషా ప్రభుత్వాలు బలిమెల జలాశయాన్ని ఉమ్మడిగా నిర్మించి, నీటిని చెరి సగం వాడుకోవడానికి ఒప్పందం చేసుకొన్నాయి. ఒడిషా తన సగాన్ని బలిమెల విద్యుత్ కేంద్రానికి మళ్ళించుకొంటుంది. ఆంధ్ర సగం నదిలోనే కిందికి వచ్చి, సీలేరు గ్రామం వద్ద ఉన్న గుంటవాడ జలాశయంలో నిలుస్తుంది. ఎవరి వాటా ఎంత వాడారు, ఎంత మిగిలింది అనే లెక్కను రెండు రాష్ట్రాల ఇంజనీర్లు కలిసి చూసుకొంటారు.

గుంటవాడ జలాశయం పూర్తి నీటిమట్టం 1360 అడుగులు. దిగువన ఉన్న డొంకరాయి జలాశయం మట్టం 1037 అడుగులు. ఈ రెండింటి మధ్య ఉన్న సుమారు 320 అడుగుల తేడాయే ఎగువ సీలేరు కేంద్రానికి మూలధనం. ఇక్కడ 60 మెగావాట్ల యూనిట్లు నాలుగు ఉన్నాయి. మొదటి రెండు 1967, 1968లలోను, తరువాతి రెండు 1994, 1995లలోను ప్రారంభమైనాయి. ఆ నీటినే డొంకరాయి వద్ద 25 మెగావాట్ల యూనిట్ (1983), ఆ తరువాత మోతుగూడెం సమీపంలోని పొల్లూరు వద్ద దిగువ సీలేరు కేంద్రం (1976 - 78, నాలుగు 115 మెగావాట్ల యూనిట్లు) మళ్ళీ వాడుకొంటాయి. మూడూ కలిపి 725 మెగావాట్లు. బొగ్గు కేంద్రాన్ని చల్లబడిన స్థితి నుండి నడపడానికి గంటలు పడుతుంది. జల విద్యుత్ యూనిట్‌ను కొద్ది నిముషాలలో తిప్పవచ్చు. అందువలన సాయంకాలం వాడకం ఒక్కసారిగా పెరిగే వేళకు ఈ కేంద్రాల విలువ వాటి మెగావాట్ల లెక్కకంటే ఎక్కువ.

2014లో రాష్ట్ర విభజన సమయానికి సీలేరు విశాఖపట్నం జిల్లాలో, డొంకరాయి తూర్పు గోదావరి జిల్లాలో, మోతుగూడెం ఖమ్మం జిల్లా చింతూరు మండలంలో ఉండేవి. ఒకే నీటిపై నడిచే మూడు కేంద్రాలలో పెద్దది తెలంగాణకు పోయి ఉండేదే. పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలపడంతో చింతూరు మండలంతోపాటు 460 మెగావాట్ల దిగువ సీలేరు కూడా ఇటే వచ్చింది. దీనిపై తెలంగాణ అభ్యంతరం తెలిపింది.

గుంటవాడను ఎగువ జలాశయంగా, డొంకరాయిని దిగువ జలాశయంగా వాడుకొని, 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి కేంద్రం నిర్మించడానికి ఏపీ జెన్‌కో ప్రణాళిక సిద్ధం చేసింది. విద్యుత్తు మిగులుగా ఉన్న వేళ నీటిని పైకి తోడి, కొరత వేళ కిందికి వదలడం దీని పద్ధతి.

డెల్టాకు నీరు

శీతాకాలం వచ్చేసరికి గోదావరిలో సహజ ప్రవాహం తగ్గిపోతుంది. అప్పుడు ఉభయ గోదావరి, కోనసీమ ప్రాంతాల రెండవ పంటకు ఆధారం చాలావరకు సీలేరు నీరే. విద్యుత్ కేంద్రాల నుండి విడుదలైన నీరు శబరి ద్వారా గోదావరికి, అక్కడి నుండి ధవళేశ్వరం ఆనకట్టకు చేరుతుంది. డెల్టా ఆయకట్టు సుమారు 10 లక్షల ఎకరాలు. విద్యుత్తుకు నీరు కావలసింది వాడకం పెరిగిన గంటలలో. వరికి కావలసింది రోజూ, ఆగకుండా. ఈ రెండు అవసరాలకు ఎప్పుడూ పొత్తు కుదరదు. నీటి ఎద్దడి ఏర్పడిన సంవత్సరాలలో డెల్టా కోరిక మీద, ఉత్పత్తితో నిమిత్తం లేకుండా డొంకరాయి నుండి నేరుగా నదిలోకి నీరు వదలడం కూడా జరిగింది. జనవరి, ఫిబ్రవరి నెలలలో సీలేరు నీరు ఎన్ని క్యూసెక్కులు వస్తున్నదో డెల్టా రైతు ప్రతిదినం విచారిస్తాడు గాని, ఆ నీరు బయలుదేరే ఊరు చూసినవాడు అరుదు.

ప్రజలు

సీలేరులో రెండు ఊళ్ళు ఉన్నాయని చెప్పవచ్చు. ఒకటి ప్రాజెక్టు ఉద్యోగుల కాలనీ. నిర్మాణ కాలంలో మైదాన జిల్లాల నుండి ఇంజనీర్లు, కార్మికులు, వారి వెంట వర్తకులు వచ్చారు. క్వార్టర్లు, పాఠశాల, వైద్యశాల వెలిశాయి. రెండవది చుట్టూ కొండలలో ఉన్న గిరిజన గూడేలు. భగత, కొండదొర, కొండ కమ్మర, వాల్మీకి, కోదు మొదలైన తెగల వారు ఈ మండలంలో ఉన్నారు. తెలుగుతోపాటు ఆదివాసీ ఒడియా కూడా వాడుకలో ఉన్నది. నదికి అవతల ఒడ్డు మల్కనగిరి జిల్లా కాబట్టి బంధుత్వాలు, సంతలు సరిహద్దును అంతగా లెక్కచేయవు.

కాలనీవారు ఈ నేలలో పాతుకొనిపోకపోవడానికి ఒక చట్టం కారణం. వాడుకలో 1/70 చట్టం అనబడే 1970 నాటి సవరణ ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనులకు, గిరిజన సహకార సంఘాలకు తప్ప ఇతరులకు బదిలీ కారాదు. ఇక్కడ ముప్పయి ఏళ్ళు పనిచేసిన మైదానపు ఉద్యోగి అయినా పదవీ విరమణ తరువాత స్థలం కొనుక్కొనే వీలు లేదు. ఈ నియమమే లేకుంటే నదీతీరపు భూములు గిరిజనుల చేతిలో మిగిలి ఉండేవి కావనడంలో సందేహం లేదు. అయితే చట్టం భూమిని అమ్మకం నుండి కాపాడింది గాని ముంపు నుండి కాదు. జోలాపుట్, బలిమెల జలాశయాల కింద రెండు రాష్ట్రాల గిరిజన గ్రామాలు మునిగాయి. బలిమెల నీరు చుట్టుముట్టడంతో ఒడిషా వైపు 151 గ్రామాలు బయటి ప్రపంచానికి దూరమై ‘కటాఫ్ ఏరియా’ అనిపించుకొన్నాయి. 2018 జూలైలో గురుప్రియ వంతెన ప్రారంభమయ్యే వరకు వారికి పడవలే దిక్కు. ఈ ఒంటరితనం మావోయిస్టులకు కలిసివచ్చింది. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పడవపై జరిగిన దాడిలో గ్రేహౌండ్స్ జవాన్లతో సహా 38 మంది మరణించారు.

విద్యుత్ స్తంభాలు గూడేల పైనుండి విశాఖకు సాగిపోయిన ఎన్నో ఏళ్ళ తరువాత గాని మారుమూల గూడేలలో దీపం వెలగలేదు.

గిరిజనుల ముఖ్య జీవనాధారం వ్యవసాయం. పల్లంలో వరి, కొండ వాలులో పోడు పద్ధతిలో సామలు, చోళ్ళు, కందులు పండిస్తారు. చింతపండు, తేనె, అడ్డాకులు, కొండచీపుళ్ళు సేకరించి సంతలలోను, 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. చైత్రమాసంలో జరిగే ఇటుకల పండుగ పెద్దది. పురుషులు వేటకు వెళతారు. స్త్రీలు రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి, వచ్చేపోయే వాహనాల వారి వద్ద పండుగ మామూలు వసూలు చేస్తారు. థింసా నృత్యం తప్పనిసరి.

రవాణా సౌకర్యాలు

విశాఖపట్నం నుండి నర్సీపట్నం, లంబసింగి, చింతపల్లి, గూడెం కొత్తవీధి, ఆర్.వి.నగర్, దారకొండల మీదుగా సీలేరు చేరవచ్చు. ఆర్.వి.నగర్ వద్ద కాఫీ తోటలు ఉన్నాయి. అక్కడి చలి నుండి ఘాట్ రోడ్డు దిగేసరికి నదీ లోయలోని ఉక్క తగులుతుంది. దారిలో ఉన్న ధారాలమ్మ గుడి వద్ద బస్సులు, లారీలు ఆపి కొబ్బరికాయ కొట్టడం ఆనవాయితీ. సీలేరు నుండి రోడ్డు డొంకరాయి, మోతుగూడెం, చింతూరు మీదుగా భద్రాచలం పోతుంది. వర్షాకాలంలో కొండచరియలు, చెట్లు విరిగిపడి రాకపోకలు నిలిచిపోతుంటాయి. కనుక ఆ నెలలలో వచ్చేవారు చింతపల్లిలోనే దారి సంగతి విచారించి బయలుదేరడం మంచిది.