ఇద్దరు చాలన్న నోటితోనే

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ నామినేషన్ల పరిశీలన రోజున అభ్యర్థి ఆస్తిపాస్తుల కంటే ముందు తేలాల్సిన లెక్క ఒకటుండేది: పిల్లలెంతమంది? 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి సంతానం ఉన్నవాళ్లను సర్పంచి, వార్డు సభ్యుల పదవులకు అనర్హులను చేసింది. మూడో బిడ్డ జనన ధ్రువపత్రం ప్రత్యర్థి చేతికి చిక్కితే చాలు, నామినేషన్ చెల్లకుండా పోయేది. హర్యానాలోని ఇలాంటి నిబంధన సబబేనని సుప్రీంకోర్టు 2003లో తీర్పు కూడా ఇచ్చింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ ఆంక్షను ఎత్తేసింది. అంతకు నెల ముందే ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇద్దరి కంటే ఎక్కువ మంది పిల్లలున్నవాళ్లకే పోటీ అర్హత కల్పించే ఆలోచన ఉందన్నారు. ఒక్క తరంలోనే మాట ఇంతగా తిరగబడింది. అయినా రెండు మాటలకూ పునాది ఒకటే: ఇంట్లో ఎంతమంది పుట్టాలో సర్కారు చెబితే జనం వింటారన్న నమ్మకం. ఆ నమ్మకం తప్పని మన రాష్ట్రపు అంకెలే చెబుతున్నాయి.

ఆ చట్టం రాకముందు, 1992-93లో జరిగిన మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద స్త్రీకి సగటున 3.4 మంది పిల్లలు. ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికే 2.6. 2005-06 నాటికి అది 1.8కి దిగింది. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ 1.7, తెలంగాణ 1.8. పంచాయతీకి పోటీ చేసేది ఊరికి ఏ పదిమందో, పిల్లల్ని కనేది ఊరంతా. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న ధీమా పెరగడం, చదువు ఖర్చు నెత్తి మీదికి రావడం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా వెళ్తే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ దొరకడం, ఈ మూడూ కలిసి చేసిన పని అది. ఆ భారమంతా మోసింది ఆడవాళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన మహిళల్లో నూటికి డెబ్భై మందికి దగ్గరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్లలో వేసెక్టమీ ఒక శాతం కూడా లేదు. పద్దెనిమిది నిండకుండానే పెళ్లి, వెంటవెంటనే రెండు కాన్పులు, పాతికేళ్లలోపే ఆపరేషన్, ఇదీ మన పల్లెల్లో ఎందరో ఆడవాళ్లు నడిచిన దారి. ఇక ఆ పోటీ ఆంక్ష మిగిల్చిందేమిటి? ఆంధ్రప్రదేశ్‌తో పాటు మరి కొన్ని రాష్ట్రాలను పరిశీలించిన నిర్మలా బుచ్ అధ్యయనంలో, పదవి కోసం భార్యను వదిలేసిన మగవాళ్లు, బిడ్డను దత్తతకిచ్చేసిన కుటుంబాలు కనిపించాయి.

చైనా చేసి చూపించింది కదా అని వాదించేవాళ్లున్నారు. ఒకే బిడ్డ విధానం 1980లో మొదలైంది. కానీ 1970లో స్త్రీకి ఆరుగురికి దగ్గరగా ఉన్న సగటు, ఆ విధానం రావడానికి ముందే, 1979కల్లా మూడుకు దిగువకు వచ్చేసింది. అసలు పరీక్ష తర్వాత ఎదురైంది. 2016లో ఇద్దరికి, 2021లో ముగ్గురికి అనుమతిచ్చినా, 2016లో కోటీ డెబ్భై ఎనిమిది లక్షలున్న జననాలు 2023లో తొంభై లక్షలకు పడిపోయాయి. తలుపు తీసినా లోపలికి వచ్చేవాళ్లు లేకపోయారు. బలవంతంగా పిల్లల్ని కనేలా చేయాలని చూసిన దేశం రుమేనియా. 1966 అక్టోబరులో చౌషెస్కు ప్రభుత్వం గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. మరుసటి ఏడాది జననాలు రెండు లక్షల డెబ్భై వేల నుంచి ఐదు లక్షలు దాటాయి. తర్వాత జనం దొంగదారులు వెతుక్కున్నారు, రేటు మళ్లీ జారిపోయింది. 1989 డిసెంబరులో ఆ ఆజ్ఞ రద్దయ్యే లోపు చాటుమాటు గర్భస్రావాల వల్ల దాదాపు పది వేల మంది స్త్రీలు చనిపోయారని అంచనా. వాళ్ల ప్రాణాలను జనాభా పట్టికలోని ఏ గడిలో వేస్తాం?

బలవంతం వద్దు, డబ్బిస్తే సరి అనేది మరో వాదన. సింగపూర్ 1970లలో ఇద్దరితో ఆపమంది, 1987లో స్తోమత ఉంటే ముగ్గురినో అంతకంటే ఎక్కువ మందినో కనమంది. నగదు బహుమతులూ, పన్ను రాయితీలూ ఇచ్చింది. 2023లో అక్కడ స్త్రీకి సగటున 0.97 మంది పిల్లలే. దక్షిణ కొరియా 2006 నుంచి రెండు వందల లక్షల కోట్ల వోన్లకు పైగా కుమ్మరించింది, 2023లో 0.72కు దిగింది. అలాగని ప్రభుత్వం చేయగలిగింది శూన్యమనను. పసిపిల్లల సంరక్షణను ప్రభుత్వమే తలకెత్తుకుని, తల్లి ఉద్యోగానికి భరోసా ఇచ్చిన ఫ్రాన్స్ చాలాకాలం యూరప్‌లో మెరుగ్గానే నిలిచింది, ఇప్పుడక్కడా తగ్గుతోంది. అంటే సాయం వల్ల, కనాలనుకుని వెనకాడుతున్నవాళ్లకు ధైర్యం వస్తుంది. వద్దనుకున్నవాళ్ల మనసు మాత్రం మారదు.

ముగ్గురిని కనమనేవాళ్లు చూపే కారణాల్లో, దక్షిణాదికి లోక్‌సభ సీట్లు తగ్గుతాయన్న భయం నిజమైనదే. 1971 జనాభా లెక్కల ప్రకారం స్తంభింపజేసిన సీట్ల వాటా 2026 తర్వాతి లెక్కలతో కదలవచ్చు. జననాలు అదుపు చేసినందుకు శిక్ష పడటం అన్యాయం, దాని మీద పార్లమెంటులో గట్టిగా కొట్లాడాలి. కానీ ఈ ఏడాది పుట్టిన బిడ్డ ఓటేసేది పద్దెనిమిదేళ్ల తర్వాత. ఆ తగాదాను ఒక ఇల్లాలి కడుపుతో గెలవాలనుకోవడం సరికాదు. ముసలితనం గురించిన బెంగా న్యాయమైనదే, కానీ మూడో బిడ్డ సంపాదించే నాటికి ఇప్పుడు అరవై దాటినవాళ్లు ఎనభై దాటుతారు. వాళ్లకు పింఛను, మందులు, చూసుకునే మనిషి ఈరోజే కావాలి. పైగా ముగ్గురిని కనమన్న పిలుపు ఎవరికి? పాతికేళ్లకే ఆపరేషనయిన లక్షల మందికి అది వినపడినా ప్రయోజనం లేదు. మిగిలిన యువతుల్లో ఎక్కువమంది పొలంలోనో, దుకాణంలోనో, ఇళ్లల్లోనో పని చేస్తున్నారు. 2017లో సవరించిన ప్రసూతి చట్టం ఇచ్చే ఇరవై ఆరు వారాల సెలవు వాళ్ల దాకా రాదు, వచ్చినవాళ్లకు కూడా మూడో కాన్పుకు పన్నెండు వారాలే. ప్రధానమంత్రి మాతృ వందన యోజన మొదటి కాన్పుకు ఐదు వేలు ఇస్తుంది, రెండో బిడ్డ ఆడపిల్లయితేనే ఆరు వేలు ఇస్తుంది. మూడో బిడ్డ కోసం వేదికలెక్కి అడుగుతున్నాం, ఆ పథకంలో మూడో బిడ్డకు పైసా లేదు.